ఆర్‌ఎక్స్ 100కు నైట్రస్ అమర్చవచ్చునా?

ప్రశ్న (వేళచేరి, చెన్నై): మా నాన్నగారి 1993 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100ను ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై మాత్రమే నడపాలని, దానికి శక్తి పెంచేందుకు చిన్న నైట్రస్ ఆక్సైడ్ వాయువు సిలిండర్ బిగించాలని అనుకుంటున్నాను. ఈ 98 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్ తట్టుకుంటుందా?

జవాబు 1: నైట్రస్ తనంతట తాను మండదు, ఇంజిన్ లోపలి వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ సుమారు 23 శాతమైతే దీనిలో 36 శాతం ఉంటుంది కనుక, అందుకు తగినంత పెట్రోలును వేరొక జెట్ (పెట్రోలు చిమ్మే సన్నని రంధ్రం) ద్వారా అందించకపోతే వేడి మితిమీరి పిస్టన్ నడినెత్తిన రంధ్రం పడుతుంది.

జవాబు 2: పైన రాసినవారు పిస్టన్ అరగకుండా కాపాడే ఆయిల్ సంగతి మరిచారు, అసలు చిక్కంతా అక్కడే ఉన్నది. ఈ బండి ఆయిల్ పంపు ఇంజిన్ వేగాన్నీ, యాక్సిలరేటర్‌నూ బట్టి ఆయిల్ ఇస్తుందే గాని, మీరు నైట్రస్‌తో పాటు అదనంగా పంపే పెట్రోలు దానికి తెలియదు. కాబట్టి ఆ పెట్రోలులో టూ-టీ (టూ-స్ట్రోక్ ఇంజిన్లకు వాడే) ఆయిల్ ముందే కలపాలి. ఇగ్నిషన్ టైమింగును కూడా కొంత వెనక్కి జరపాలి, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడాలి. నా మిత్రుడొకరు ఇవేవీ పట్టించుకోకపోవడంతో పిస్టన్ సీజ్ అయి (బిగుసుకుపోయి), బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో రెండు వారాలు ఇంజిన్ సిలిండర్ కోసం తిరిగారు.

జవాబు 3: 1996లోనే తయారీ ఆగిపోయిన బండి మీద ఈ ప్రయోగం నాకు నచ్చలేదు. ముందు ఎక్స్‌పాన్షన్ చాంబర్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ శక్తిని పెంచే ప్రత్యేక పొగగొట్టం) మార్చి చూడండి.