హార్లీ క్విన్ పాత జోకర్ కామిక్స్‌లో ఎక్కడుంది?

చారలచొక్కా అడిగారు:

మా మేనల్లుడికి పదేళ్లు. తొంభైల నాటి బ్యాట్‌మన్ కార్టూన్ ఇద్దరం కలిసి పూర్తి చేశాం, ఈమధ్యే టీన్ టైటన్స్ కూడా అయిపోయింది. వాడికి జోకర్ పక్కనుండే హార్లీ క్విన్ అంటే ప్రాణం. "మామయ్యా, ఈమె కథ అసలు పుస్తకంలో ఎలా ఉంటుంది?" అని ఒకటే గోల. సరేనని జోకర్ పాత కథల సంకలనం ముందేసుకుని కూర్చున్నా. 1940లో బ్యాట్‌మన్ మొదటి సంచికలోనే జోకర్ ఉన్నాడు, ఆ పళ్లికిలింపూ అప్పటికే ఉంది. హార్లీ మాత్రం లేదు. అరవైలు తిరగేశా, డెబ్భైలు తిరగేశా, జాడ లేదు. ఎక్కడ చూడాలి?

ఇంకోటి. టీన్ టైటన్స్‌లో టెర్రా అనే అమ్మాయి రాయైపోయిన రోజు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. కామిక్‌లో బతుకుతుందేమో చూడమని నా వెంట పడ్డాడు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నల్లసిరా:

ఎనభైల దాకా తిరగేసినా దొరకదండీ. హార్లీ పుట్టిందే కార్టూన్‌లో. 1992 సెప్టెంబరులో వచ్చిన 'జోకర్స్ ఫేవర్' ఎపిసోడ్ గుర్తుందా? చార్లీ కాలిన్స్ అని ఓ మామూలు ఉద్యోగి, ట్రాఫిక్‌లో చిరాకెత్తి పక్క కారువాణ్ని తిడతాడు, చూస్తే ఆ కారులో ఉన్నది జోకర్. ఆ కథ కోసం రచయిత పాల్ డీనీకి కేకులోంచి బయటికి దూకే ఓ అమ్మాయి కావాల్సి వచ్చింది. తీరా ఎపిసోడ్‌లో కేకులోంచి జోకరే దూకాడు, అమ్మాయి మాత్రం మిగిలిపోయింది. కాలేజీ రోజుల స్నేహితురాలు ఆర్లీన్ సోర్కిన్ ఓ సీరియల్లో విదూషకుడి వేషం వేయడం డీనీ చూశాడు. అక్కణ్నుంచే ఊహ, ఆమెదే గొంతు. ఎరుపు నలుపు డైమండ్ల దుస్తులు గీసింది బ్రూస్ టిమ్.

కామిక్‌లోకి ఆమె 1993లో వచ్చింది, అదీ కార్టూన్‌ని బట్టి నడిచే 'ద బ్యాట్‌మన్ అడ్వెంచర్స్' 12వ సంచికలో. అసలు బ్యాట్‌మన్ కథల్లోకి రావడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది.

మీవాడు అడుగుతున్న కథ 1994 నాటి 'మ్యాడ్ లవ్'. రాసింది డీనీ, గీసింది టిమ్. ఆర్ఖమ్ పిచ్చాసుపత్రిలో జోకర్‌కి వైద్యం చేయబోయిన డాక్టర్ హార్లీన్ క్విన్‌జెల్ ఎలా జారిపోయి హార్లీ అయిందో అందులో ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం పిరానాలది. బ్యాట్‌మన్‌ని పిరానాలకి, అంటే మాంసం పీక్కుతినే చేపలకి, వేయాలని జోకర్ పథకం, కానీ ఆ చేపలకి నవ్వు ముఖం రాదని వదిలేస్తాడు. హార్లీ ఏం చేస్తుందంటే, బ్యాట్‌మన్‌ని తలకిందులుగా వేలాడదీస్తుంది. అప్పుడు అతని కళ్లకి వాటి మూతులు నవ్వుతున్నట్టే కనిపిస్తాయి కదా! జోకర్‌కి ఒళ్లు మండుతుంది. జోకు విప్పి చెప్పాల్సి వస్తే అదేం జోకని. ఆ కోపంలో ఆమెని కిటికీలోంచి తోసేస్తాడు. అందుకే మీరు ముందు చదివి, తర్వాత వాడికివ్వండి. బొమ్మలు కార్టూన్ లాగే ఉంటాయి గానీ లోపల సరుకు పదేళ్లవాడి కోసం కాదు.

రావెన్‌ఫ్యాన్:

టెర్రా కామిక్ మాత్రం అసలు ఇవ్వకండి అన్నా. మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ ఆమెని 1982లో తెచ్చిందే ద్రోహిగా బయటపెట్టడానికి. 1984 నాటి 'ద జూడాస్ కాంట్రాక్ట్'లో ఆ ముసుగు తీశారు. కార్టూన్‌లో స్లేడ్ అని పిలిచే విలన్ అక్కడ డెత్‌స్ట్రోక్, ఆ పిల్లకీ అతనికీ మధ్య చూపించిన సంబంధం పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. పశ్చాత్తాపం లేదు, జట్టులోని బీస్ట్ బాయ్ మీద ప్రేమా లేదు. చివర్లో తన కోపానికి తనే బలైపోతుంది. కార్టూన్‌వాళ్లు ఆమెకి ఓ మనసు పెట్టి, ఆఖరికి మంచి పని చేయించి రాయిగా మార్చారు. నా లెక్కలో కార్టూన్ టెర్రాయే మెరుగు.

కుర్రాడికి 2004లో మొదలైన 'టీన్ టైటన్స్ గో!' కామిక్ పెట్టండి. తర్వాత అదే పేరుతో వచ్చిన అల్లరి కార్టూన్ వేరు, ఇది వేరు. మీరు చూసిన సిరీస్ గీతలోనే ఉంటుంది.

పాతకట్ట:

కార్టూన్ ఏం చేసినా మేలే అనకండి బాబూ. 1994 స్పైడర్‌మన్‌లో మోర్బియస్‌ని చూశారా? కామిక్‌లో కోరలు దింపి రక్తం తాగేవాడు. కార్టూన్‌కొచ్చేసరికి కోరలతో కొరకడం లేదు, రక్తం తాగడం లేదు, అరచేతుల్లో రంధ్రాలు పెట్టి 'ప్లాస్మా' పీల్చమన్నారు. పిల్లల టీవీ నిబంధనలట. నిజానికి అదే ఇంకా అసహ్యంగా ఉంది!

ఫైర్‌స్టార్‌దీ హార్లీ కథే. 1981 స్పైడర్‌మన్ కార్టూన్‌లో హ్యూమన్ టార్చ్ అనే నిప్పు హీరోని వాడుకునే హక్కుల్లేక నిప్పు శక్తి ఉన్న అమ్మాయిని కొత్తగా కల్పించారు. తర్వాత కామిక్స్‌వాళ్లు ఆమెని ఎక్స్-మెన్ కథల్లోకి లాక్కున్నారు.

చారలచొక్కా:

అందరికీ థాంక్సండీ. 'మ్యాడ్ లవ్' నిన్న రాత్రే చదివేశా, పై అరలో పెట్టేశా. వాడికి బ్యాట్‌మన్ అడ్వెంచర్స్ మొదలుపెట్టించా, టెర్రా గురించి అడిగితే ఇంకా వెతుకుతున్నానని చెప్పా. ఆఖరి ప్రశ్న నా కోసం. మిస్టర్ ఫ్రీజ్ జైలు గదిలో ఆ మంచు బొమ్మని పట్టుకుని ఏడ్చే ఎపిసోడ్ ఉంది కదా, అతని భార్య కథ పాత కామిక్స్‌లో ఉందా?

నల్లసిరా:

'హార్ట్ ఆఫ్ ఐస్'. అదీ డీనీ రాసిందే, ఎమ్మీ అనే టీవీ అవార్డు కూడా వచ్చింది. 1959లో 'మిస్టర్ జీరో' పేరుతో పుట్టినప్పుడు వాడొట్టి మంచు తుపాకీ దొంగ, భార్య ఊసే లేదు. భార్య నోరాని కల్పించింది ఈ ఎపిసోడే. కామిక్ కావాలంటే 1997లో వచ్చిన 'బ్యాట్‌మన్: మిస్టర్ ఫ్రీజ్' వెతకండి, డీనీయే రాశాడు. ఒక్క సంచికలో అయిపోతుంది.