ఠేకేదారు పని మాన్పించాడు, బావకు చదువు రాదు. ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రశ్న (మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి)

అందరికీ నమస్తే. మా అక్క భర్తకు 43 ఏళ్లు, ఇక్కడే ఒక మిల్లులో ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద 14 ఏళ్లుగా లోడింగ్ పని చేశాడు. పోయిన వారం ఆయనతో పాటు ఇంకొంతమందిని గేటు దగ్గరే ఆపి పాసులు తీసేసుకున్నారు. సోమవారం వచ్చి ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే లెక్క తేల్చి డబ్బులిస్తామన్నారట. కాగితం మరాఠీలో ఉంది. బావ తెలుగు, మరాఠీ, హిందీ మూడూ గడగడా మాట్లాడతాడు గానీ ఏదీ చదవలేడు. నేను స్కూల్లో హిందీ చదువుకున్నాను కాబట్టి అక్షరాలు కూడబలుక్కుంటాను, ఆఫీసు మరాఠీ మాత్రం అర్థం కాదు. ఆయనకు ఇంకో పని చూడాలి, అక్షరాలు కూడా నేర్పించాలని అక్క పట్టుదల. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉన్నారు.

జవాబు (రాజురా నుంచి)

తమ్ముడూ, సోమవారం లోపు చూస్తావని రాస్తున్నా. పని, చదువు రెండూ తర్వాత. ముందు ఆ కాగితం. దాన్ని ఎవరితోనైనా బావ ముందు గట్టిగా చదివించండి, నెమ్మదిగా, రెండుసార్లు. ఆయనకు చదవడం రాకపోయినా వింటే తెలుస్తుంది, ఎందుకంటే అసలైన మాటలు మన తెలుగులోనూ ఉన్నవే. ‘రాజీనామా’ అని వినిపించినా, ‘స్వేచ్ఛేనే’ అని వినిపించినా అక్కడే ఆగిపోండి. తన ఇష్టంతో తానే పని మానుకున్నానని రాయించుకుంటున్నారన్నమాట.

ఆ ఒక్క మాట వల్ల చాలా పోతుంది. యజమాని తీసేస్తే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. దాని మీద, పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. 12 నెలల్లో 240 రోజులు పని చేస్తే అది ఏడాది కిందే లెక్క. తానే మానుకున్నాడని రాసి ఉంటే ఈ పరిహారం అడగడానికి ఉండదు.

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతుంటే ఇంకో సాయం కూడా ఉంది, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో మొదలైంది, గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు. పని పోయినవాళ్లకు సగటు రోజు కూలిలో సగం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐలో ఉండాలి. స్వచ్ఛందంగా మానుకున్నవాళ్లకు ఇది రాదు. అందుకే మళ్లీ చెబుతున్నా, తొందరపడి వేలు పెట్టొద్దు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నా, వేలిముద్ర వేయకపోతే ఇవ్వాల్సిన 20 రోజుల జీతం కూడా ఆపేస్తామంటున్నారు. ఠేకేదారు ఫోన్ ఎత్తడం లేదు, ముకద్దమే (కూలీల మేస్త్రీ) మాట్లాడుతున్నాడు.

జవాబు (రాజురా నుంచి)

చేసిన పనికి జీతం వేరు, ఆ కాగితం వేరు. ఠేకేదారు జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే మిల్లు కట్టాల్సిందే, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. రాతపూర్వకంగా అడగాలి, అడిగిన కాగితం నకలు మీద తీసుకున్నట్టు సంతకం వేయించుకోవాలి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

వకీలు ఖర్చుకు భయపడొద్దు. చంద్రపూర్ జిల్లా కోర్టు దగ్గరున్న జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత వకీలు దొరికేవాళ్లలో పారిశ్రామిక కార్మికులూ ఉన్నారు. ఫోన్ చేయాలంటే 15100. మన వాళ్లలో పది మందికి చెబితే తొమ్మిది మందికి ఈ సంగతి తెలియదు, నాకు చాలా బాధగా ఉంటుంది.

జవాబు (బల్లార్షా నుంచి, సాయంత్రం క్లాసు చెప్పే అక్క)

తమ్ముడూ, నేను ఉల్లాస్ అనే సర్కారు పథకం కింద పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పిస్తాను, స్వచ్ఛందంగా. 15 ఏళ్లు దాటి చదువు రాని ఎవరైనా చేరొచ్చు, రుసుము లేదు. 2022 నుంచి 2027 వరకు నడిచే పథకం, దగ్గర్లోని సర్కారు బడిలో అడిగితే పేరు రాసుకుంటారు. చివర్లో 150 మార్కుల పరీక్ష ఉంటుంది, చదవడానికి, రాయడానికి, లెక్కలకు యాభై యాభై. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు.

ఒక్క మాట, బావ చేతికి పలక ఇచ్చి అ ఆ దిద్దమని కూర్చోబెట్టకండి. పని పోయిన మనిషి అసలే చిన్నబోయి ఉంటాడు. ఆయన కాగితాలే ముందు పెట్టండి. జీతం చిట్టీలో తన పేరు ఎక్కడుంది, హాజరీ రోజులు ఎక్కడున్నాయి, పీఎఫ్ కోత ఎంత, ఇవి మొదటి వారం పాఠం. అంకెలు ఫోన్‌లో చూసి తెలుసు అంటారు చాలామంది, కానీ మరాఠీ ఒకటి చూడటానికి ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. మా క్లాసులో ఒకాయన కూలి చిట్టీలో దాన్ని చూసి నెలంతా పొరబడ్డాడు.

గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు పని మానేటప్పుడు వచ్చే సొమ్ము, దాని లెక్క కూడా ఆయన చేతనే చేయించండి. నెలకు మూల వేతనం, డీఏ కలిపి 13,000 అనుకుందాం. 26తో భాగిస్తే 500. 15 రోజులకు 7,500. 14 ఏళ్లకు 1,05,000. ఈ లెక్క తానే కట్టిన రోజు ఆ మనిషి ముఖం వేరుగా ఉంటుంది.

జవాబు (సిరొంచ నుంచి)

అక్కా, తెలుగు అక్షరాలా, మరాఠీవా? గేటు మీద, మిషన్ మీద, ఆఫీసులో అన్నీ మరాఠీలో ఉంటే తెలుగు నేర్చుకుని ఏం ప్రయోజనం? నా ఉద్దేశంలో నేరుగా దేవనాగరి నేర్పాలి.

జవాబు (సాయంత్రం క్లాసు చెప్పే అక్క)

మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను తమ్ముడూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లలో కొందరు మరాఠీ పుస్తకంతో మొదలుపెట్టి రెండు వారాల్లో మానేశారు. అక్షరం కొత్త, దాని వెనకున్న మాటా సగం కొత్త. తెలుగులో అయితే ‘ఉప్పు’ అని కూడబలుక్కోగానే అర్థం కూడా వచ్చేస్తుంది, ధైర్యం వస్తుంది. అక్షరాలను కలిపి మాట చేయడం ఒకసారి పట్టుబడితే రెండో లిపి త్వరగా వస్తుంది, గుణింతం పద్ధతి రెండిట్లోనూ ఒకటే కదా. అయితే ఈ బావగారు రోజంతా మరాఠీలో మాట్లాడే మనిషి, పనీ ఇక్కడే వెతుక్కోవాలి. ఆయన్నే అడగండి. మనవరాలి పుస్తకం చదవాలనుందా, గేటు మీద నోటీసు చదవాలనుందా అని.

జవాబు (రాజురా నుంచి)

నేను ఇంకో సంగతి చెప్పి ఆపేస్తా. పీఎఫ్ పాస్‌బుక్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఈ తేడాకే క్లెయిములు వెనక్కి వస్తుంటాయి. సరిచేయడానికి చాలాసార్లు యజమాని తరఫు నుంచి ఆమోదం కావాలి, ఠేకేదారు మకాం ఎత్తేయకముందే చేయించాలి. ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపి ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. పీఎఫ్ పదేళ్లు దాటి కట్టి ఉంటే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది, ఆ పింఛను సొమ్ము కూడా ఇప్పుడే తీసిస్తానని ఏజెంటు ఎవరైనా అంటే నమ్మొద్దు.

పని సంగతికొస్తే, జిల్లా రోజగార్ కేంద్రంలో మహాస్వయం పోర్టల్ కింద పేరు నమోదు చేయించండి, ఉచితం. చదువు రానివాళ్లకు చేతిపని నేర్పే జన శిక్షణ సంస్థాన్ గురించి కూడా అక్కడే అడగండి. వాటిలో 15 నుంచి 45 ఏళ్ల వాళ్లనే తీసుకుంటారు, బావకు ఇంకా రెండేళ్లే ఉంది. ఠేకేదారు దగ్గర 14 ఏళ్ల సర్వీసు సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి (మంగళవారం)

వెళ్లి వచ్చాం. పక్కింటి మాస్టారు తోడొచ్చి కాగితం చదివి వినిపించారు. రెండో లైనులోనే ‘స్వేచ్ఛేనే రాజీనామా’ ఉంది. బావే ఆపండి అన్నాడు, వేలిముద్ర వేయలేదు. జీతం కోసం అర్జీ ఇచ్చాం, నకలు మీద క్లర్కు సంతకం పెట్టాడు. గురువారం చంద్రపూర్ వెళ్తున్నాం. అక్కా, మీ క్లాసు ఎన్ని గంటలకు? బావ గేటు నోటీసే కావాలన్నాడు, కానీ తన పేరు మాత్రం ముందు తెలుగులో రాయడం నేర్పమంటున్నాడు.

జవాబు (సాయంత్రం క్లాసు చెప్పే అక్క)

ఏడింటికి. జీతం చిట్టీలు, పాస్‌బుక్ ఒక సంచిలో వేసుకుని రమ్మనండి. బ్యాంకులో ఇప్పటిదాకా వేలిముద్రే ఉంటుంది కాబట్టి, సంతకం వచ్చాక బ్యాంకుకు వెళ్లి మార్పించేదాకా అక్కడ వేలిముద్రే వేయమనండి.