అమ్మ రాసిచ్చిన పనసపొట్టు కూర కాగితం: ఆర్ట్ జర్నల్ పేజీలో ఎలాగ పెట్టాలి?

పర్లాకిమిడి పిల్ల:
అందరికీ నమస్కారం. ఆర్ట్ జర్నల్ (బొమ్మలు, రంగులు, కాగితం ముక్కలతో నింపే డైరీ లాంటిది) మొదలెట్టి మూడు నెలలే అయింది, తప్పులుంటే తిట్టకండి. అమ్మ వంట మీద ఒక మిక్స్‌డ్ మీడియా పేజీ, అంటే రంగులూ అంటించినవీ కలిపి, చేద్దామని పడ్డాను. నా పెళ్ళికి ముందు అమ్మ పాత క్యాలెండర్ కాగితం వెనకాల పనసపొట్టు కూర ఎలా చెయ్యాలో రాసిచ్చింది. మాటలన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియా. అమ్మ చదివింది ఒడియా బడిలో కదా, తెలుగు రాయడం రాదు, మాట్లాడితే మాత్రం వీధి చివర దాకా వినిపిస్తుంది. ఆ కాగితం నిండా పసుపు, నూనె మరకలు. దాన్నే పేజీ మధ్యలో అంటించాలని నా ఆశ.

ముందు ఒక ట్రయల్ చేశాను, మామూలు డ్రాయింగ్ బుక్‌లో. నిజం పసుపు నీళ్ళలో కలిపి బ్యాక్‌గ్రౌండ్ వేసి, ఆవకాయ నూనె చెంచాతో అద్ది, ఫెవికాల్ పూసి దాని మీద ఆవాలు, ఎండుమిరప ముక్కలు అతికించీసాను. ఫోటో తీసినప్పుడు భలే ఉంది. కిటికీ దగ్గర పెట్టిన రెండు వారాలకి పసుపు వెలిసిపోయింది, నూనె వెనక మూడు పేజీలకి పాకీసింది, కాగితం అప్పడంలా వంకర్లు తిరిగింది, ఆవాలు రాలిపోతున్నాయి, నిన్న తెరిస్తే చీమలు. ఇప్పుడు అసలు కాగితం అంటించాలంటే చేతులు వణుకుతున్నాయి. ఏటి చెయ్యాలి?

బరంపురం అత్త:
ఓలమ్మో ఆగు ఆగు, ఆ కాగితానికి ఫెవికాల్ తగలనివ్వకు! ముందు ఆ డబ్బాకి మూత పెట్టీసి ఇది చదువు.

అమ్మ చేతిరాత ఒక్కటే ఉంటుంది, పేజీలు పది చేసుకోవచ్చు. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట, కాగితాన్ని బల్ల మీద పరిచి ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని ఫ్లాష్ లేకుండా ఫోటో తియ్యి, రెండు వైపులా. తర్వాత లేజర్ ప్రింట్ తీయించు. ఇంక్‌జెట్ వద్దు, తడి జిగురు తగిలితే అక్షరాలు కాటుకలా కారిపోతాయి, నాకు ఒక పెళ్ళి శుభలేఖ పేజీ మొత్తం అలాగే పోయింది. లేజర్‌ది పొడి, వేడితో కాగితానికి కరుచుకుని ఉంటుంది, నీళ్ళకి కదలదు. మామూలు జెరాక్స్ కూడా అదే రకం, కలర్ లేకపోతే అదే చాలు, మరకలు నువ్వే వేసుకుంటావు.

ఇంకోటి, జెరాక్స్ షాపులో "లామినేషన్ చేసెయ్యమంటారా మేడమ్" అని తప్పకుండా అడుగుతారు. వద్దను. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోతుంది, మళ్ళీ జన్మలో ఊడదు.

అసలుది ఎక్కడంటావా? పేజీ వెనకాల మందం డ్రాయింగ్ షీట్‌తో ఒక జేబు కుట్టు, కాగితాన్ని బటర్ పేపర్‌లో మడతపెట్టి అందులో దూర్చు. నూనె పట్టిన కాగితం కాబట్టి బటర్ పేపర్ తప్పనిసరి. ఎవరైనా చూస్తామంటే తీసి చూపిస్తావు.

గుణుపురం మాస్టారు:
బరంపురం అమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. ఒడియా అక్షరాల్లో తెలుగు అన్నారు చూడండి, మా ఇంట్లోనూ అదే కథ. మా నాన్నగారు తెలుగు అక్షరం, నేను ఒడియా అక్షరం, మాట ఒకటే. 1936లో ఒడిశా వేరే ప్రావిన్స్ అయ్యే దాకా ఒడిశా దక్షిణాన మన ఊళ్ళన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలోనే ఉండేవి కదా, ఆ తర్వాత బడి మారింది, ఇంట్లో భాష మారలేదు. సరే, అది వేరే చర్చ.

కాగితం వంకర్లకి కారణం నీళ్ళు. డ్రాయింగ్ బుక్ కాగితం పల్చన, తడి తగలగానే నార ఉబ్బుతుంది, ఒక వైపే ఆరితే ముడుచుకుంటుంది. వాటర్ కలర్ షీట్ కొనండి, 300 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క, ఎక్కువైతే మందం) అని అట్ట మీద రాసుంటుంది. ఖరీదు అనిపిస్తే 200 అయినా పర్వాలేదు, అంతకన్నా తక్కువకి దిగొద్దు. ముందుగా రెండు వైపులా పల్చగా గెస్సో (రంగుల కింద వేసే తెల్ల పూత) వేసి ఆరనివ్వండి. రెండు వైపులా అన్నాను, మర్చిపోకండి, ఒక వైపే వేస్తే మళ్ళీ అప్పడమే. ప్రింట్ అంటించేటప్పుడు జిగురు చిక్కగా, చాలా పల్చటి పొరగా పుయ్యాలి, మధ్య నుంచి అంచులకి గుడ్డతో ఒత్తుకుంటూ పోవాలి. పైన బటర్ పేపర్ వేసి రాత్రంతా బరువు. మా ఇంట్లో సన్నికల్లు పెడతాం, దానికి ఇప్పుడు ఉన్న ఏకైక ఉద్యోగం ఇదే.

జయపురం నుంచి ఒకడు:
మాస్టారూ మా దగ్గర స్టేషనరీ షాపులో గెస్సో అంటే మొహం చూస్తున్నారు

గుణుపురం మాస్టారు:
ఇంట్లో చేసుకోవచ్చు. తెల్ల అక్రిలిక్ రంగు రెండు చెంచాలు, ఫెవికాల్ ఒక చెంచా, సువాసన లేని టాల్కమ్ పౌడర్ రెండు మూడు చెంచాలు, ఉండలు లేకుండా కలిపి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోస్తూ దోశ పిండి జారుకి తెచ్చుకోవాలి. కొన్నదానంత గట్టిగా ఉండదు గానీ జర్నల్‌కి బాగానే పని చేస్తుంది. నిల్వ ఉంచకండి, గడ్డ కడుతుంది.

రాయగడ రంగులు:
నేను పసుపు గురించి చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు నేను రెండేళ్ళు చేశాను. పసుపులో రంగునిచ్చేది కర్క్యుమిన్, అది వెలుతురుకి నిలవదు, పసుపు మరక పడ్డ చీర ఎండలో వేస్తే పోతుంది చూడండి, అదే. సున్నం, సోడా, సబ్బు తగిలితే ఎర్రబడిపోతుంది కూడా. అందుకని పేజీలో నిజం పసుపు వద్దు. యెల్లో ఆకర్ అని అక్రిలిక్ ట్యూబ్ దొరుకుతుంది, అది మట్టి రంగు, వెలవదు. దానికి కొంచెం లెమన్ యెల్లో కలిపితే అచ్చం మన పసుపు డబ్బా రంగే.

నూనె మరకకి ట్రిక్: ఫెవికాల్‌లో సగం నీళ్ళు పోసి, ఆకర్ ఒక్క చుక్క వేసి, ఆ నీళ్ళు పేజీ మీద బొట్టులా వదిలెయ్యాలి. కదపకూడదు, డ్రయర్ పెట్టకూడదు. ఆరాక జిగురు పారదర్శకంగా మెరుస్తుంది, అంచున రంగు చేరి గీతలా వస్తుంది, చూసినవాళ్ళు వేలితో తడిమి మరీ చూస్తారు. నిజం నూనె కాగితంలో ఆరదు, పాకుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకి కమురు వాసన. దాని మీద అక్రిలిక్ కూడా పట్టదు.

ఆవాలకి అగ్గిపుల్ల వెనక వైపు ముదురు గోధుమ రంగులో ముంచి చుక్కలు పెట్టండి. గరుకు కావాలంటే గెస్సోలో ఇసక. మీది పర్లాకిమిడే కదా, మహేంద్రతనయ ఒడ్డున బోల్డంత ఇసక, కడిగి ఎండబెట్టి టీ జల్లెడతో జల్లించుకోండి (తర్వాత ఆ జల్లెడ టీకి వాడకండి, మా ఇంట్లో ఈ విషయంలో గొడవ ఇంకా తెమల్లేదు). పనసపొట్టుకి గోనె పీచు సన్నగా తుంపి అంటిస్తే దగ్గర దగ్గరగా అలాగే ఉంటుంది.

బరంపురం అత్త:
నాకొక చిన్న అభ్యంతరం. అన్నీ నకిలీయేనా? వంట పేజీలో వంటిల్లు ఎక్కడో ఒకచోట తగలాలి కదా. తినేవి వద్దు, వంట సామాను వాడు. జంతికల గొట్టం బిళ్ళ స్టెన్సిల్‌గా పెట్టి స్పాంజితో రంగు అద్దితే నక్షత్రాలు పడతాయి. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చు వేస్తే అయిదు రేకుల పువ్వు, సగం ఉల్లిపాయకి వలయాలు. విస్తళ్ళు కుట్టే అడ్డాకు మీద పల్చటి కాగితం పెట్టి క్రేయాన్ అడ్డంగా రుద్దితే ఈనెలు తేలతాయి, ఆ కాగితం చింపి అంటించుకో. ఆకు మాత్రం అంటించకు, పెళుసెక్కి పొడైపోతుంది.

పర్లాకిమిడి పిల్ల:
అత్తా, మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్. ఈ ఆదివారం మళ్ళీ మొదలెట్టాను. లామినేషన్ నిజంగానే అడిగాడు అత్తా 😄

రెండు సందేహాలు మిగిలాయి. చుట్టూ బోర్డర్ ముగ్గు పెట్టాలా ఝోటి (ఒడియా వాళ్ళు బియ్యప్పిండి నీళ్ళతో వేసే ముగ్గు) పెట్టాలా తెలీట్లేదు. మా వీధిలో మార్గశిరం లక్ష్మీవారాల్లో, అంటే గురువారాల్లో, అందరూ గుమ్మంలో ఝోటి వేస్తారు, అమ్మ కూడా అదే వేస్తుంది, పైగా మనకీ లక్ష్మీవారం వ్రతం ఉంది కదా. బియ్యప్పిండి నీళ్ళతోనే వెయ్యనా? రెండోది, తెలుగులో కూడా రాయాలని ఉంది, మా పాప చదవాలి కదా, దానికి ఒడియా అక్షరాలు రావు. జెల్ పెన్‌తో రాస్తే అలికిపోతోంది.

రాయగడ రంగులు:
బియ్యప్పిండి వద్దు, పెచ్చులుగా రాలుతుంది, పురుగు పడుతుంది. తెల్ల అక్రిలిక్‌లో నీళ్ళు కలిపి వేలితో వెయ్యండి. ఝోటి వేలితోనే కదా వేసేది, బ్రష్‌తో వేస్తే ఆ వంపు రాదు. కింద ఎర్రమట్టి రంగు ఉంటే తెలుపు బాగా కనిపిస్తుంది. ధాన్యం కంకులు, లక్ష్మీ పాదాలు చాలు, అంతకన్నా నింపితే కాగితం మీద చూపు నిలవదు. మీ అమ్మగారు వేసేదే వెయ్యండి, ముగ్గా ఝోటియా అని పేరు పెట్టక్కర్లేదు.

గుణుపురం మాస్టారు:
రాతకి: అక్రిలిక్ పూర్తిగా ఆరాక, అంటే ఒక రోజు ఆగి, పర్మనెంట్ మార్కర్ సన్న మొన ఉన్నది వాడండి. రాశాక దాని మీద మళ్ళీ జిగురు పుయ్యకండి. లేదా వేరే కాగితం మీద రాసి అది కూడా జెరాక్స్ తీసి చీలికలు అంటించండి, ఇదే సుఖం, అక్షరం తప్పు పోతే ఇంకో కాగితం.

పర్లాకిమిడి పిల్ల:
అయిపోయిందండీ. ఒడియా లైన్ ఒకటి, దాని కింద నా తెలుగు లైన్ ఒకటి, అలా చీలికలుగా పెట్టాను. రాస్తుంటే తెలిసింది, ఇన్నాళ్ళూ నేను ఒక లైన్ తప్పు చదువుతున్నాను. "ఆవ ముద్ద దించాక, చల్లారాక కలుపు" అని అమ్మ స్పష్టంగా రాసింది, "చల్లారాక" మీద నూనె మరక పడి కనిపించలేదు, ఫోటో పెద్దది చేస్తే గానీ తేలలేదు. నేను దించిన వెంటనే వేడిగా ఉండగానే కలిపేస్తున్నాను, అందుకే నా కూర చేదు. అత్తారింట్లో ఆరేళ్ళుగా ఆ చేదు కూరే తింటున్నారు పాపం, ఒక్కరూ నోరెత్తలేదు.

ఆ ఒక్క మాట మీద మాత్రం మరక వెయ్యలేదు.

బరంపురం అత్త:
😂😂 ఫోటో పెట్టు. వానాకాలం వస్తోంది, అక్రిలిక్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో బటర్ పేపర్ వెయ్యడం మర్చిపోకు.