విజయవాడ స్టూడియోలో మాయా పక్కన బ్లెండర్‌కు అనుమతి ఎలా అడగాలి?

పటమట మోడలర్:

అందరికీ నమస్కారం. విదేశీ క్లయింట్ల టీవీ సిరీస్‌లకు యానిమేషన్ చేసి పంపే ఒక మధ్యస్థాయి స్టూడియోలో, ఇక్కడే విజయవాడలో, ప్రాప్ మోడలర్‌గా (కథలో కనిపించే వస్తువుల 3డీ ఆకారాలు చేసే పని) పనిచేస్తున్నాను. మా దగ్గర మోడలింగ్ నుంచి యానిమేషన్ దాకా అంతా మాయా అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తుంది, రెండరింగ్ (చివరి బొమ్మలు తీయడం) ఆర్నాల్డ్ అనే ప్రోగ్రాములో జరుగుతుంది. చదువుకునే రోజుల నుంచీ నాకు బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగింది. వాహనాలు, యంత్రాలు, ఇంటి సామాను వంటివాటిని అందులో చేస్తే, మాడిఫయర్లను (అసలు ఆకారాన్ని చెడగొట్టకుండా పైన వేసే మార్పులను) చివరిదాకా మార్చుకునే వీలుండటం వల్ల, క్లయింటు నుంచి కరెక్షన్లు వచ్చినప్పుడు పని మొదటి నుంచి ఎత్తుకోవలసిన అవసరం ఉండదు. సూపర్‌వైజర్‌గారిని అడిగితే "అది పైప్‌లైన్‌లో లేదు" అని, అంటే ఫైళ్లు ఒక విభాగం నుంచి మరొకదానికి వెళ్లే మా ఏర్పాటులో లేదని, ఒక్క మాటతో తేల్చేశారు. ఐటీ విభాగం వారు ఉచిత సాఫ్ట్‌వేర్ అనగానే అనుమానంగా చూశారు. ఇంట్లో చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఎవరికి తెలుస్తుందని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు గానీ, నాకు మనసొప్పలేదు. ఎవరిని, ఏమని అడిగితే పని జరుగుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పైప్‌లైన్ గుంటూరు:

పెన్‌డ్రైవ్ మాట మళ్లీ ఎత్తకండి. క్లయింటుతో గోప్యతా ఒప్పందం ఉన్న డిజైన్ మీ చేతి మీదుగా గడప దాటిందని తెలిస్తే, ముందు పోయేది మీ ఉద్యోగం, ఆ వెనకే స్టూడియోకు ఆ ప్రాజెక్టు.

ఇక అసలు సంగతి. "పైప్‌లైన్‌లో లేదు" అంటే బ్లెండర్ మంచిది కాదని ఆయన అనడం లేదు. మీరు పబ్లిష్ బటన్ నొక్కినప్పుడు పేర్లు సరిచూసి, వెర్షన్ నంబరు వేసి, ఫైలును సర్వర్‌లో దాని చోట పెట్టే స్క్రిప్టు ఒకటి ఉంటుంది. అది మాయా ఆదేశాలతో రాసినది కనుక, రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉన్నది పైథానే అయినా, బ్లెండర్‌లో ఒక్క లైను కూడా నడవదు. కాబట్టి బ్లెండర్ కావాలని అడగకండి. రిగ్గింగ్ వారికి (మోడల్ కదిలేలా కంట్రోళ్లు కట్టేవారికి) ఇప్పుడు ఏ మాయా ఫైలు అందుతోందో రేపు కూడా అచ్చం అదే అందుతుందని, అంతకు ముందు ఆకారం మాత్రం వేరే చోట తయారవుతుందని చెప్పండి. అది నిజమని చూపించగలిగితేనే చెప్పండి.

చూపించడం ఎందుకు కష్టమో ఒక స్టూలుతో తెలిసిపోతుంది. దాన్ని బ్లెండర్ నుంచి మామూలు సెట్టింగులతో ఎఫ్‌బీఎక్స్‌గా (3డీ మోడళ్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చేర్చే ఫైలు రకం) పంపి, మాయాలో తెరిచి చానల్ బాక్సు (వస్తువు స్థానం, తిప్పిన కోణం, పరిమాణం అంకెలు చూపే పట్టిక) చూడండి. రొటేట్ ఎక్స్‌లో మైనస్ 90, స్కేల్ మూడు గడుల్లోనూ 100 కనిపించడం పరిపాటి. బ్లెండర్‌లో జెడ్ అక్షం పైకి ఉంటుంది, కొలత మీటర్లలో ఉంటుంది. మాయాలో వై పైకి, కొలత సెంటీమీటర్లలో. కంటికి స్టూలు నిక్షేపంగానే కనిపిస్తుంది, రిగ్గర్ దానికి కన్‌స్ట్రెయింట్ (ఒక వస్తువు కదలికను మరొకదానికి కట్టే ముడి) తగిలించాకే గొడవ బయటపడుతుంది. యూవీ సెట్‌కు (టెక్స్చర్ ఆకారం మీద ఎక్కడ అతుక్కోవాలో చెప్పే పటానికి) బ్లెండర్ పెట్టే పేరు యూవీమ్యాప్, మాయా ఎదురుచూసే పేరు మ్యాప్1. ఆ పేరు మీద ఆధారపడిన టూల్ మీ దగ్గర ఒక్కటి ఉన్నా చాలు, టెక్స్చరింగ్ వారు మీ పేరు తలచుకుంటూ సాయంత్రం గడుపుతారు. అందుకని దిగుమతి చేసి, ట్రాన్స్‌ఫార్మ్‌లను ఫ్రీజ్ చేసి (ఆ కోణం, స్కేల్ అంకెలను ఆకారంలోనే కలిపేసి), యూవీ సెట్ పేరు మార్చి, హిస్టరీ (చేసిన మార్పుల జాబితా) తీసేసి, ఆపైన మీ పాత పబ్లిష్‌నే పిలిచే చిన్న స్క్రిప్టు ఒకటి మాయా వైపున ఉండాలి. టీడీని (టెక్నికల్ డైరెక్టర్‌ను) బతిమాలడం కన్నా మీరే రాసి ఆయన చేత సరిచూపించుకుంటే మంచిది.

ఎఫ్‌బీఎక్స్ బదులు యూఎస్‌డీ వాడగలిగితే ఇంకా మేలు. పిక్సార్ 2016లో అందరికీ విడుదల చేసిన ఆ ఫార్మాట్‌లో ఏ అక్షం పైకి ఉందో, ఒక యూనిట్ ఎన్ని మీటర్లో ఫైలులోనే రాసి ఉంటుంది. అయినా దిగుమతి చేసే వైపు దాన్ని పాటిస్తున్నదో లేదో మీ మాయా వెర్షన్‌లో పరీక్షించుకోవలసిందే. మెటీరియళ్లను పంపే ప్రయత్నం వద్దు. బ్లెండర్ రెండరింగ్ ఇంజిన్ అయిన సైకిల్స్ నోడ్లు ఆర్నాల్డ్‌కు ఉన్నవున్నట్టు రావు, ఆకారమూ యూవీలూ చాలు. రిగ్గింగ్ జోలికి అసలు పోకండి. ఒక దానిలో కట్టిన రిగ్ రెండో దానిలో కంట్రోళ్లతో సహా తెరుచుకోదు.

సర్వర్ గది:

ఐటీ వైపు నుంచి ఒక మాట. మా అనుమానం డబ్బు పెట్టి కొనలేదన్న దాని గురించి కాదు. బ్లెండర్‌ను జిప్ ఫైలుగా తెచ్చి, అడ్మిన్ అనుమతి లేకుండానే ఫోల్డరులో విప్పి నడపవచ్చు. మీకు సౌకర్యంగా కనిపించే ఆ గుణమే మాకు నిద్ర లేకుండా చేస్తుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వెర్షన్, ఎక్కడెక్కడివో యాడాన్‌లు చేరతాయి. యాడాన్ అంటే మీ లాగిన్ హక్కులతో నడిచే పైథాన్ ప్రోగ్రామే కదా.

అందువల్ల ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే) వెర్షన్ ఒకటి పేరు పెట్టి అడగండి. 2024 జూలైలో వచ్చిన 4.2, 2025 జూలైలో వచ్చిన 4.5 ఆ కోవలోనివి. వీటికి రెండేళ్ల పాటు లోపాల సవరణలు వస్తాయి, కనుక ఎక్కువ కాలం మిగిలినదాన్ని ఎంచుకోండి. సర్వర్ నుంచి మేమే ఇన్‌స్టాల్ చేస్తామంటే ఒప్పుకోండి. యాడాన్‌ల పట్టిక ముందే ఇచ్చి, దానిలో లేనిది వాడనని రాసివ్వండి. బ్లెండ్ ఫైలులోని స్క్రిప్టులు వాటంతటవి నడవకుండా ఉండే సెట్టింగ్ మొదటి నుంచీ అలాగే ఉంటుంది, దాన్ని మార్చకండి. 4.2 నుంచి ఇంటర్నెట్ అనుమతి కూడా వాడేవారు ఇస్తేనే దొరుకుతుంది. ఈ రెండూ మీ విన్నపంలో రాస్తే చదివేవారి ముఖం కొంత మారుతుంది. ఇంకొకటి, బ్లెండర్‌కున్న జీపీఎల్ లైసెన్సు (సోర్సు కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే లైసెన్సు) అనగానే మనం చేసిన మోడళ్లు కూడా అందరికీ ఇచ్చేయాలేమో అని యాజమాన్యం భయపడుతుంది. ఆ లైసెన్సు ప్రోగ్రాముకే వర్తిస్తుంది, దానితో చేసిన బొమ్మ చేసినవారిదే.

ప్రొడక్షన్ డెస్క్, బెజవాడ:

పై ఇద్దరూ చెప్పింది సరైనదే గానీ, అసలు నిర్ణయం వేరే చోట జరుగుతుంది. మాయా ఫైళ్లే ఇవ్వాలని, సోర్సు ఫైళ్లు కూడా అప్పగించాలని కొందరు క్లయింట్లు ఒప్పందంలోనే రాస్తారు. అది ముందు మీ ప్రొడ్యూసర్‌ను అడిగి తెలుసుకోండి. అటువంటి షరతు ఉంటే ఈ చర్చ ఆ ప్రాజెక్టు వరకు ముగిసినట్టే.

షరతు లేకపోతే, నా వంటివారు వేసే ప్రశ్న ఒక్కటే: మీరు సెలవులో ఉన్న రోజున ఆ ప్రాప్‌కు రీటేక్ (సవరణ కోరుతూ క్లయింటు పిలుపు) వస్తే ఎవరు తెరుస్తారు? మిగిలిన మోడలర్లు మాయా మాత్రమే తెలిసినవారైతే, మీరు ఆదా చేసిన సమయమంతా ఆ ఒక్క సాయంత్రం తినేస్తుంది. కనీసం ఇంకొకరు ఆ ఫైలు తెరిచి సరిచేయగలరని చూపించండి. లైసెన్సు ఖర్చు తగ్గుతుందనే వాదన మాత్రం తేకండి, రిగ్గింగ్‌కూ యానిమేషన్‌కూ మాయా సీట్లు ఎలాగూ కొనాలి. బ్లెండర్‌లో చేసిన చిత్రానికి 2025లో ఆస్కార్ వచ్చిందని కూడా చెప్పకండి, దయచేసి. అక్కడ సొంత సినిమాను మొదటి నుంచీ దానిలోనే చేసుకున్నారు, మనం ఇంకొకరి ఇంటికి గుమ్మాలు చేసి పంపుతున్నాం. ఎపిసోడ్ డెలివరీ వారంలో ఈ విషయం ఎత్తితే ఎవరైనా కాదనే అంటారు, ఒక సీజన్ ముగిసి తర్వాతది మొదలయ్యే సందులో అడగండి.

బ్రాడీపేట మాస్టారు:

నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. మీరు చెప్పే వేగంలో ఎంత భాగం సాఫ్ట్‌వేర్‌దో, ఎంత భాగం అలవాటుదో ముందు తేల్చుకోండి. మాయాలో బెవెల్ (అంచులు చెక్కడం), బూలియన్ (ఆకారాలను కలపడం, కోయడం) హిస్టరీని సరిగ్గా వాడుకోవడం రాని విద్యార్థులే ఎక్కువగా ఈ మాట అంటారు. ఒకే ప్రాప్‌ను రెండింటిలోనూ చేసి, పబ్లిష్ అయ్యేదాకా పట్టిన సమయాన్ని కొలిచి చూడండి. తేడా కొద్దిపాటిదే అయితే ఈ పోరాటం వృథా.

పటమట మోడలర్:

మాస్టారూ, మీ మాట గుచ్చుకున్నా కాదనలేను, ముందు ఆ కొలతే వేస్తాను. ప్రొడ్యూసర్‌గారిని ఒప్పందం గురించి అడిగాను, మాయా సీన్ ఇస్తే చాలునని, మోడలింగ్ సోర్సు గురించి ఏమీ లేదని చెప్పారు. పాత సీజన్‌లో ఆమోదం పొందిన ఒక కుట్టుమిషన్ ప్రాప్‌ను పరీక్షకు తీసుకుంటానంటే సూపర్‌వైజర్‌గారు ఈసారి కాదనలేదు. ఒక సందేహం మిగిలింది. బ్లెండ్ ఫైలును కూడా సర్వర్‌లో పెట్టాలా, లేక మాయా ఫైలు ఒక్కటే చాలా?

పైప్‌లైన్ గుంటూరు:

రెండూ పెట్టాలి. మాయా పబ్లిష్‌కు వచ్చిన వెర్షన్ నంబరునే బ్లెండ్ ఫైలుకూ ఇచ్చి, ఆ ప్రాప్ ఫోల్డరులోనే సోర్సు కింద ఉంచండి. బయటి టెక్స్చర్లు ఏవైనా వాడి ఉంటే వాటి దారులు మీ డెస్క్‌టాప్‌ను కాక సర్వర్‌ను చూపుతున్నాయో లేదో సేవ్ చేసే ముందు సరిచూసుకోండి. కుట్టుమిషన్ మంచి ఎంపిక. చక్రం తిరగాలి కనుక దాని పివట్ (తిరిగే కేంద్రం) సరిగ్గా ఇరుసు మీద నిలిచిందో లేదో రిగ్గర్ చేతనే చూపించుకోండి, పంపే ముందు బ్లెండర్‌లో లొకేషన్‌ను అప్లై చేస్తే అది మూలబిందువు దగ్గరికి వెళ్లిపోతుంది.