ఇద్దరూ ట్రక్కు డ్రైవర్లే అయితే కుక్కల్ని వెంట తిప్పడం వాటికి న్యాయమేనా?

టైగర్ వాళ్ల మామయ్య:
మా అక్క, బావ అమెరికాలో టీమ్ డ్రైవింగ్ మొదలుపెడుతున్నారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక స్లీపర్‌లో పడుకుంటారు. బండి రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. వాళ్ల కుక్క టైగర్ ఏడాదిగా నా దగ్గరే పెరుగుతోంది, దానికి తొమ్మిదేళ్లు. ఇప్పుడు దాన్నీ, కొత్తగా తెచ్చుకున్న పది వారాల కుక్కపిల్లనీ ట్రక్కులోనే ఉంచుకుంటామంటున్నారు. నేను వద్దంటున్నాను. ఒక మంచమంత జాగాలో నెలల తరబడి కుక్కని ఉంచడం ఏం ప్రేమ? 'నేను దాని పక్కనుంటే చాలు, దానికి ఇంకేం అక్కర్లేదు' అంటుంది అక్క. రెండు వారాలుగా ఇదే గొడవ. నిజంగా తిరిగినవాళ్లు చెప్పండి.

స్లీపర్ సంసారం:
తమ్ముడూ, నేనూ మా ఆయనా ఆరేళ్లుగా రెండు కుక్కలతో ఇలాగే తిరుగుతున్నాం. మీ అక్క మాటలో నిజముంది. ఇంట్లో ఉన్నప్పుడు మా పెద్దది రోజుకి పది గంటలు తలుపుకేసి చూస్తూ పడుకునేది. మేం వచ్చేసరికి అలసిపోయి ఉండేవాళ్లం, దానికి మిగిలేది ఒక గంట. ట్రక్కులో మనిషి వాసన లేని నిమిషం దానికి లేదు.

కానీ అది ఊరికే రాదు. ఇక్కడి రూలు ప్రకారం వరుసగా 10 గంటల విశ్రాంతి తీసుకున్న డ్రైవరు 11 గంటల దాకా నడపొచ్చు. కదులుతున్న ట్రక్కులో స్లీపర్‌లో పడుకున్నా అది విశ్రాంతి కిందికే వస్తుంది. కాబట్టి జంటగా ఉన్నవాళ్లు బండి ఆపకుండా నడిపించొచ్చు, సరుకు పంపేవాళ్లు కోరుకునేదీ అదే. మేం మాత్రం నాలుగు గంటలకోసారి ఆపుతాం. ఇరవై నిమిషాలు, వానైనా మంచైనా. రోజు మొత్తం మీద రెండు గంటలు పోతాయి. మాకు జీతం మైళ్ల లెక్కన. ఆ రెండు గంటలూ మా జేబులోంచే పోతాయి. అది పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేనివాళ్లు కుక్కని ఎక్కించకూడదు. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను.

ఇంకోటి. కదిలే బండిలో కుక్క డ్రైవరు కాళ్ల దగ్గరికి రాకూడదు. స్లీపర్‌లో పడుకున్న మనిషికే బెల్టో వలో ఉండాలని రూలు పెట్టారు, గట్టి బ్రేకు పడితే ఎగిరి ముందుకొస్తారని. కుక్క కూడా అలాగే ఎగురుతుంది. మా రెండింటికీ నేలకి బిగించిన పెట్టెలున్నాయి. మొదటి వారం మూలిగాయి. ఇప్పుడు ఇంజను మోగగానే వాటంతట అవే వెళ్లి పడుకుంటాయి.

పాత టీమ్ డ్రైవర్:
చెల్లెమ్మా, మీరు జాగ్రత్తపరులు. మేమూ అలాగే అనుకునేవాళ్లం.

ఎండాకాలం, ఎడారి దారి. ఒక గోదాములో లోడు దించాలి. లోపల ఇంజను ఆపాలన్నారు. కుక్కల్ని దింపొద్దని గేటు దగ్గరే బోర్డు. బ్యాటరీ ఏసీ వేసి, నేను కాగితాల కోసం వెళ్లాను. నా భార్య స్నానాల గది వైపు వెళ్లింది. పది నిమిషాల పని అనుకున్నాం, లైనులో నలభై నిమిషాలైంది. ఈలోపు బ్యాటరీ తగ్గి ఏసీ దానంతటదే ఆగిపోయింది. తలుపు తీసేసరికి మా కుక్క నేల మీద ఉంది. నాలుక ముదురు ఎరుపు, కళ్లు నా మీద లేవు.

తర్వాతది ఎవరూ చెప్పరు. డెబ్బై అడుగుల బండితో పశువుల ఆసుపత్రికి వెళ్లలేం. ఆ వీధిలో మలుపు తిరగదు. ట్రైలర్ విప్పి, ముందు భాగంతో మాత్రమే వెళ్లాం. విప్పడానికి పట్టిన ఆ కొన్ని నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. బతికింది. మూత్రపిండాలు దెబ్బతిని ఇంకో ఏడాదే ఉంది. ఆ తర్వాత మేం కుక్కని పెంచలేదు. నా మాట ఒక్కటే. వద్దు.

మూగజీవాల డాక్టర్:
అన్నా, చదివి బాధేసింది. మీరు చేసింది చాలామంది చేసేదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారిన్‌హీట్. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొద్దిగా పడుతుంది. మిగతా పనంతా నాలుక చాపి రొప్పడంతోనే. చుట్టూ గాలే వేడెక్కితే రొప్పినా చల్లబడదు. 105 దాటితే ప్రమాదం. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో ఆపిన కారులో కొలిచి చూశారు. గంటలో లోపలి వేడి సగటున 40 డిగ్రీల ఫారిన్‌హీట్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. ట్రక్కు క్యాబిన్ కారు కాదు, కానీ ముందు అద్దం ఎంత పెద్దదో మీకే తెలుసు. ముక్కు చప్పిడిగా ఉండే జాతులకి ఇంకా కష్టం. అలా పడిపోతే ముందు ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి గాలి తగిలించండి, ఆ తర్వాత బయల్దేరండి.

పది వారాల పిల్ల గురించి మాత్రం నాకు సందేహమే లేదు, ఇప్పుడే వద్దు. పార్వో అనే వైరస్ జబ్బు పిల్లల్ని చంపేస్తుంది, దానికి టీకాలు 16 వారాల వయసు దాకా విడతలుగా వేయాలి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ట్రక్కులు ఆగే చోట గడ్డి మీదికి ఎన్ని ఊళ్ల కుక్కలు వచ్చి వెళ్తాయో ఆలోచించండి. అక్కడ కారిన కూలెంట్‌నీ, అంటే ఇంజను చల్లబరిచే ద్రవాన్నీ, నాకనివ్వకండి. తియ్యగా ఉంటుంది, కొంచెం చాలు మూత్రపిండాలు పోవడానికి.

టైగర్‌ది వేరే కథ. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి. క్యాబిన్ మీంచి రోజుకి ఆరుసార్లు దూకితే తొమ్మిదేళ్ల భుజాలు ఎన్నాళ్లు ఆగుతాయి? ర్యాంపు కావాలి, లేదా ఎత్తి దింపాలి. దాని బరువెంత?

టైగర్ వాళ్ల మామయ్య:
31 కిలోలండీ. బావ ఎత్తగలడు, అక్క ఎత్తలేదు.

యూరప్ దారుల్లో:
మా దగ్గర రూలే వేరు. ఇద్దరు డ్రైవర్లున్నా 30 గంటల్లోపు కనీసం 9 గంటలు రోజువారీ విశ్రాంతి తీసుకోవాలి. అది బండి ఆగి ఉన్నప్పుడే లెక్కకొస్తుంది. మా కుక్కకి ఆ తొమ్మిది గంటలు పండగ. నేల మీద నిద్ర, పొద్దున్నే నడక. అమెరికాలో ఆ ఆగడం మీరే తెచ్చుకోవాలి. కుక్క కోసమని కాదు, మనుషులకీ అదే మంచిదనిపిస్తుంది నాకు.

స్లీపర్ సంసారం:
అన్నా, మీ రాత చదివి ఆయన్ని లేపి చూపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

అయినా ఒక మాట. ఒంటరి డ్రైవరుకి కుక్కని వదిలి దిగక తప్పదు. మనం ఇద్దరం. ఒకరు దిగితే ఒకరు ఉండొచ్చు. మా ఇంట్లో ఇది చట్టం. చక్రాలు ఆగితే ఒకరు క్యాబిన్‌లోనే, అర్జెంటైనా సరే రెండోవాళ్లు వచ్చేదాకా ఆగాల్సిందే. కాలిఫోర్నియాలో డీజిల్ ట్రక్కు నిలబెట్టి ఇంజను ఐదు నిమిషాలకి మించి నడపకూడదు, అక్కడ మేం పూర్తిగా విడి ఏసీ మీదే ఆధారపడతాం. అందుకే మెషీన్‌ని నమ్మం. మనిషి ఉంటే ఏసీ ఆగిన సంగతి వెంటనే తెలుస్తుంది.

తమ్ముడూ, వాళ్లు కెనడా లోడ్లు ఎత్తుతారా? అటు వెళ్లడానికి రేబిస్ టీకా కాగితం అడుగుతారు. తిరిగి అమెరికాలోకి రావడానికి 2024 ఆగస్టు 1 నుంచి కుక్కకి ఆరు నెలలు నిండాలి, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలి, ఫారం నింపాలి. పిల్ల ఉంటే సరిహద్దు దగ్గరే ఇరుక్కుపోతారు.

పాత టీమ్ డ్రైవర్:
చట్టం అన్నావు కదా. మాకూ ఉండేది. మూడేళ్లలో ఒక్కరోజు తప్పాం. అలసిపోయిన ఇద్దరు మనుషులు పెట్టుకున్న నియమం ఎప్పుడో ఒకసారి తప్పుతుంది, ఆ ఒక్కసారికి మూల్యం కుక్క కడుతుంది. నువ్వు తప్పవని నమ్మాలనే ఉంది చెల్లెమ్మా. టైగర్ విషయంలో మాత్రం నా మాట మారదు.

టైగర్ వాళ్ల మామయ్య:
అందరివీ అక్కకి చదివి వినిపించాను. అన్న రాసినది రెండుసార్లు చదవమంది.

పిల్ల టీకాలయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది, దీనికి ఒప్పుకుంది. టైగర్ సంగతే తేలలేదు. ఎండాకాలం పోయాక, చలి మొదలవకముందు రెండు వారాలు వెంట తీసుకెళ్లి చూస్తానంటుంది. తిండి సరిగా తింటోందా, బండి కదులుతుండగా నిద్రపోతోందా చూసి, లేకపోతే తెచ్చి అప్పజెప్తానంది. మొదటి లోడుకే నాలుగు గంటలకోసారి ఆగుతామని కంపెనీతో ముందే మాట్లాడమన్నాను. బావ ఇంకా జవాబివ్వలేదు. ఆయన ఒప్పుకోకపోతే టైగర్‌ని పంపను.

ర్యాంపు మాత్రం ఈరోజే కొలతలు తీసుకున్నాను. స్లీపర్ సంసారం అక్కా, మీది ఎన్ని అడుగుల పొడవు? నిటారుగా ఉంటే ఇది ఎక్కనంటోంది.