ఏసీ ఆపితే జైరో గురి పక్కకు జారుతోంది, ఏం చేయాలి?

భీమవరం నుంచి అడుగుతున్నానండి. పీసీకి బ్లూటూత్‌తో కలిపిన కంట్రోలర్. పెద్ద మలుపులకు కుడి స్టిక్, చివరి సన్నగురికి జైరో (కంట్రోలర్‌ను తిప్పితే ఆ కదలికను పసిగట్టే సెన్సర్). స్టిక్ ఒక్కదానికన్నా ఇదే నయం. చిక్కల్లా, బల్లమీద కదపకుండా పెట్టినా గురి మెల్లగా ఎడమకు జారుతోంది. స్టీమ్‌లో (పీసీ గేముల యాప్) క్యాలిబ్రేట్ చేస్తే, అంటే సున్నాని మళ్లీ సరిచేస్తే, సర్దుకుంటుంది; ఏసీ ఆపి గది ఉక్కబోసిన 20 నిమిషాలకు మళ్లీ మొదలు. వేడికి జైరో సున్నా (కదలనప్పటి రీడింగ్) మారుతుందని తెలుసు. డెడ్‌జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని హద్దు) పెంచితే జారుడు ఆగుతుంది గానీ, గేములో దూరంగా ఉన్న శత్రువు తలమీదకు గురి తెచ్చే వెంట్రుకవాసి కదలిక కూడా పోతోంది. కంట్రోలర్ వేడెక్కాకే క్యాలిబ్రేట్ చేయాలా? ఎల్2 (ఎడమ ట్రిగ్గర్) నొక్కినప్పుడే జైరో పనిచేసేలా పెడితే సరిపోతుందా? చెయ్యి ఊపి ఆడే టెన్నిస్ గేముల జోలికి మాత్రం పోను. ఈ గోదారి ఉక్కకి పావుగంటలో అరచెయ్యి చెమటకు జారిపోతుంది, మణికట్టు పట్టీ లేకపోతే టీవీకే ముప్పు.