షెపర్డ్స్ పై మీద బంగాళాదుంప బదులు చిలగడదుంప వేస్తే జావలా జారకుండా ఎలా?

రెడింగ్_పద్మ:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లాండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. వచ్చే ఆదివారం పక్కింటి పెద్దాయన, వాళ్ళావిడ మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఇద్దరూ ఇంగ్లీషువాళ్ళే, డెబ్బై దాటినవాళ్ళు. కారం అస్సలు తినలేరు కాబట్టి బిర్యానీ ఆలోచన పక్కనపెట్టి, వాళ్ళకి అలవాటైన షెపర్డ్స్ పై (కింద గొర్రె కీమా, పైన మెదిపిన బంగాళాదుంప పరిచి అవెన్‌లో కాల్చేది) చేద్దామనుకుంటున్నాను. బంగాళాదుంపతో అయితే నాకు బాగానే కుదురుతుంది. కానీ సూపర్‌మార్కెట్లో రెడీమేడ్‌గా అమ్మే చిలగడదుంప టాపింగ్‌ది మా పిల్లలకి తెగ నచ్చేసి, ఈసారి అలాగే చెయ్యమని ఒకటే గొడవ.

భయం ఎందుకంటే, ఈమధ్య మా తోటికోడలు అలాగే చేస్తే పైన పరిచిన దుంప గట్టిపడకుండా కీమాలోకి దిగిపోయింది, గరిటెతో తీస్తుంటే అడుగున నీళ్ళు. పైగా తియ్యగా ఉందని సగం మంది పక్కన పెట్టేశారు. "వదినా, హల్వా కింద కీమా దాచావేంటి" అని మా మరిది ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

నెట్‌లో చూస్తే ఒకరు ముక్కలు కోసి ఉడకబెట్టమంటారు, ఒకరు తొక్కతో కాల్చమంటారు, ఇంకొకరు పాలు పొయ్యమంటారు. ఏది నమ్మాలి? తీపి తగ్గించడానికి కీమాలో కాస్త గరం మసాలా వేస్తే వాళ్ళు తినగలరా? ఆరుగురం ఉంటాం, కొలతలు కూడా చెప్తే పుణ్యం.

లెస్టర్_సుబ్బలక్ష్మి:

పద్మ గారూ, ముందు ఆ పాలు పొయ్యమన్నవాళ్ళ మాట మర్చిపోండి. ఇక్కడ దొరికే నారింజ రంగు చిలగడదుంపలో మేరిస్ పైపర్ లాంటి బంగాళాదుంపతో పోలిస్తే పిండి తక్కువ, నీరు ఎక్కువ. దాన్ని ముక్కలు కోసి నీళ్ళలో ఉడకబెడితే ఇంకా నీరు పీలుస్తుంది, ఆ పైన పాలు కూడా పోస్తే ఇక నిలబడేదేముంది, మీ తోటికోడలికి జరిగింది అదే అయ్యుంటుంది.

దుంపల్ని కడిగి, తుడిచి, ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడిచి, తొక్కతోనే ట్రేలో పెట్టి 200 డిగ్రీల్లో (ఫ్యాన్ అవెన్ అయితే 180, గ్యాస్ అయితే మార్క్ 6) కాల్చండి. సైజుని బట్టి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, కత్తి గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఫాయిల్ మాత్రం చుట్టకండి, చుడితే లోపల ఆవిరి అక్కడే ఉండిపోతుంది, మనం పోగొట్టాలనుకునేదే అది. చల్లారాక మధ్యకి చీల్చి గుజ్జు స్పూనుతో తీసి, వెడల్పాటి మూకుట్లో సన్నసెగ మీద అయిదు నిమిషాలు కలుపుతూ ఉంటే మిగిలిన తడి కూడా పోతుంది. గరిటె లాగితే మూకుడు అడుగు కనపడి, గుజ్జు వెంటనే వచ్చి కలుసుకోకుండా ఉంటే అయినట్టే. అప్పుడు వెన్న, ఉప్పు, మిరియాల పొడి, ఒక గుడ్డు పచ్చసొన. పచ్చసొన వేస్తే అవెన్‌లో టాపింగ్ గట్టిగా పట్టుకుంటుంది.

ఆరుగురికి దుంపలు కేజీ పావు తీసుకోండి, తొక్కా తడీ పోగా సరిపోతుంది. లాంబ్ కీమా 750 గ్రాములు, వెన్న 40 గ్రాములు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న పాత్ర.

కీమా సంగతి కూడా టాపింగ్ అంత ముఖ్యం. నీళ్ళు పైనుంచే రావాలని లేదు, చాలాసార్లు కింద గ్రేవీ పలచగా ఉండటం వల్లే పైది మునుగుతుంది. ఇక్కడి లాంబ్ కీమాలో సాధారణంగా కొవ్వు 20 శాతం దాకా ఉంటుంది. నూనె లేకుండా పెద్ద మంట మీద ఎర్రగా వేయించి, తేలిన కొవ్వు వంచేయండి. అందులో ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి మగ్గించి, వెల్లుల్లి, రెండు చెంచాల టమాటా పేస్టు, ఒక చెంచా మైదా, థైమ్, రోజ్‌మేరీ వేసి 400 మిల్లీలీటర్ల స్టాక్ (మాంసమో కూరగాయలో ఉడికించిన రసం) పోసి మూత లేకుండా అరగంటకు పైనే ఉడకనివ్వండి. గరిటె మీద నిలబడేంత చిక్కబడాలి. బఠాణీలు చివర్లో. ఇదంతా పూర్తిగా చల్లారాకే పైన దుంప పరచాలి, వేడి గ్రేవీ మీద వేస్తే పరిచేటప్పుడే దిగిపోతుంది.

వరంగల్2మాంచెస్టర్:

సుబ్బలక్ష్మి గారు చెప్పినదాంట్లో ఒక్క దగ్గర నాది వేరే మాట. అవెన్‌లో నిదానంగా కాలిస్తే మోరంగడ్డ (అదే, మీ చిలగడదుంప) ఇంకా తియ్యగా అవుతుంది. అందులో ఉండే ఎంజైమ్ వేడి మెల్లగా ఎక్కుతున్న కొద్దీ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది, రోడ్డు మీద బొగ్గుల్లో కాల్చినది అంత తియ్యగా ఉండేది అందుకే. తీపే మీ సమస్య అయితే మైక్రోవేవ్‌లో పెట్టండి అక్కా. వేడి గబగబా ఎక్కేసరికి ఆ ఎంజైమ్‌కి పనిచేసే టైమ్ దొరకదు, తీపి బాగా తక్కువ వస్తుంది. పొడిచి, మధ్యలో ఒకసారి తిప్పి, మెత్తబడేదాకా. నీళ్ళు అసలు తగలవు కాబట్టి జావ అయ్యే గోల కూడా లేదు.

ఇంకో దారి, అసలు ఆ నారింజ దుంప ఎందుకు? ఆఫ్రికన్, కరీబియన్ షాపుల్లో, కొన్ని ఇండియన్ షాపుల్లో ఎర్ర తొక్క, లోపల తెల్లగా ఉండే రకం దొరుకుతుంది, మనం శివరాత్రికి ఉడకబెట్టుకునే లాంటిది. అది పొడిపొడిగా, పిండి ఎక్కువగా ఉంటుంది, ఏం కష్టపడకుండానే నిలబడుతుంది. కాకపోతే రంగు రాదు, పిల్లలు అడిగేది ఆ రంగు కోసమే అయితే ఒప్పుకోరు.

గరం మసాలా వద్దు. దాల్చినచెక్క, యాలకులు, లవంగం పడితే తీపి తగ్గదు సరికదా ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, మిఠాయిల్లో వేసేవి కదా అవి. తీపికి విరుగుడు ఉప్పు, పులుపు, మిరియం. వుస్టర్ సాస్ ధారాళంగా పొయ్యండి, అందులో ఎలాగూ వెనిగర్, చింతపండు, ఆంకోవీ చేపలు అన్నీ ఉంటాయి. టాపింగ్‌లో ఒక చెంచా ఇంగ్లిష్ మస్టర్డ్. పైన ముదురు చెడ్డర్ చీజ్ తురుము, మైల్డ్ అని రాసి ఉన్నది తెచ్చి డబ్బులు దండగ చేసుకోకండి.

డాలస్_వంటిల్లు:

మా దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, అందుకే చెప్తున్నా. మీరు నెట్‌లో చిలగడదుంప మ్యాష్ (మెదిపిన ముద్ద) అని వెతికితే సగం మా అమెరికా రెసిపీలే వస్తాయి. అవి థాంక్స్‌గివింగ్ కోసం రాసినవి, బ్రౌన్ షుగర్, మేపుల్ సిరప్, దాల్చినచెక్క, ఆపైన మార్ష్‌మెల్లోలు కూడా. టర్కీ పక్కన నంజుకోవడానికి అవి బాగుంటాయేమో గానీ కీమా మీద వేస్తే మీ మరిది మాటే నిజమవుతుంది. ఉప్పు మ్యాష్ రెసిపీలే చూడండి.

ఇక్కడ గ్రౌండ్ బీఫ్‌తో చేసినా షెపర్డ్స్ పై అనే అంటారు, మీ పక్కింటాయన ముందు మాత్రం అలా అనకండి :)

కార్డిఫ్_కుర్రాడు:

అవును, ఇక్కడ గొర్రె అయితే షెపర్డ్స్, బీఫ్ అయితే కాటేజ్ అని పట్టుబట్టేవాళ్ళు చాలామంది. నిజానికి కాటేజ్ పై అనే పేరే పాతది, 1791లోనే కనిపిస్తుంది, షెపర్డ్స్ పై అచ్చులోకి వచ్చింది 1854లో. మొదట్లో ఆదివారం రోస్ట్‌లో మిగిలిన మాంసం ఏదైతే అది తరిగి వేసేవాళ్ళు, ఇంత కచ్చితమైన తేడా తర్వాత వచ్చిందే. మీరు వేసేది లాంబే కాబట్టి మీకు ఏ గొడవా లేదు. చిలగడదుంప చూసి వాళ్ళు మొహం చిట్లిస్తారా అంటే, సూపర్‌మార్కెట్లోనే అమ్ముతున్నారుగా, ఏం అనుకోరు.

నాదొక సలహా: సగం చిలగడదుంప, సగం మేరిస్ పైపరో కింగ్ ఎడ్వర్డో కలపండి. రంగుకి రంగూ ఉంటుంది, నిలబడుతుంది, తీపీ సగమవుతుంది. బంగాళాదుంపని విడిగా ఉడకబెట్టి నీళ్ళు వార్చి, అదే గిన్నెలో రెండు నిమిషాలు ఆవిరి పోనిచ్చి మెదిపి అప్పుడు కలపాలి. పెద్దవాళ్ళకి పెట్టే భోజనం అంటున్నారు కాబట్టి ప్రయోగం చేసే రోజు ఇది కాదు, సగం సగమే క్షేమం.

లెస్టర్_సుబ్బలక్ష్మి:

మైక్రోవేవ్ మాట నిజమే తమ్ముడూ, తీపి తగ్గుతుంది, కాదనను. కానీ అవెన్‌లో కాల్చినప్పుడు వచ్చే ఆ కమ్మటి వాసన రాదు. అది కూడా పోయాక చిలగడదుంప ఎందుకు, బంగాళాదుంపే వేసుకోవచ్చు కదా. నేనైతే దుంప అవెన్‌లోనే కాల్చి, కీమాలో పులుపు, మిరియం పెంచుతాను. సగం సగం అన్నది మాత్రం మంచి మాట, మొదటిసారికి అదే చెయ్యమంటాను.

నల్గొండ_శాకాహారి:

మాంసం తిననివాళ్ళం కూడా ఉన్నామండీ ఇక్కడ :) పొట్టు ఉన్న మసూర్ తీసుకుని, పలుకుగా ఉడకబెట్టి కీమా బదులు వాడతాను. పొట్టు తీసిన ఎర్ర పప్పు వద్దు, ముద్దపప్పు అయిపోతుంది. పుట్టగొడుగులు సన్నగా తరిగి నీరంతా ఇగిరిపోయి ఎర్రబడేదాకా వేయించి కలిపితే రుచి బరువుగా వస్తుంది. వుస్టర్ సాస్‌లో చేప ఉంటుందని పైన ఒకరు చెప్పారు, చాలామంది శాకాహారులు అది చూసుకోకుండా వాడేస్తుంటారు. యూకేలో ఉన్నవాళ్ళకి షెఫీల్డ్‌లో తయారయ్యే హెండర్సన్స్ రెలిష్ దొరుకుతుంది, అందులో చేప లేదు, పులుపు అలాగే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి చింతపండు పులుసు ఒక చెంచా, కొంచెం సోయా సాస్‌తో కానిచ్చేస్తాను. ఓటీజీలో (చిన్న కరెంటు అవెన్) 200 డిగ్రీల్లో చక్కగా వస్తుంది.

రెడింగ్_పద్మ:

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. సగం సగం వేసి, చిలగడదుంప అవెన్‌లో కాల్చి చేస్తాను, గరం మసాలా ఆలోచన మానేశాను. ఇంకో రెండు సందేహాలు. ఆదివారం పొద్దున టైమ్ ఉండదు, శనివారం రాత్రే మొత్తం పేర్చి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఇంకోటి, ఆ పెద్దాయనకి షుగర్ ఉంది. చిలగడదుంప షుగర్‌కి మంచిదంటారు కదా, ఎక్కువ పెట్టినా పర్లేదా?

వరంగల్2మాంచెస్టర్:

షుగర్ విషయంలో ఆ నమ్మకం పెట్టుకోకండి. నీళ్ళలో ఉడకబెట్టినది రక్తంలో చక్కెరని మెల్లగా పెంచుతుంది, అవెన్‌లో కాల్చినది త్వరగా పెంచుతుంది, మనం చేసేది కాల్చినదే. పీచు, కెరోటిన్ ఉన్న మాట నిజమే, అలాగని మందు కాదు. పైది పలచగా పరిచి కింద కీమా, కూరగాయలు ఎక్కువ ఉండేలా పెట్టండి, పక్కన క్యాబేజీ, బఠాణీలు ఉడకబెట్టి పెట్టండి. ఎంత తినాలో ఆయనకి తెలుసు, మనం బలవంతంగా వడ్డించే మన అలవాటు మాత్రం ఆ రోజుకి ఆపుకోవాలి.

లెస్టర్_సుబ్బలక్ష్మి:

శనివారం రాత్రి చేసుకోవచ్చు, ఇంకా మంచిది కూడా, కీమా బాగా గట్టిపడుతుంది. కీమా, దుంప రెండూ చల్లారాక పేర్చి, వండిన గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, రాత్రంతా బయట వదిలేయకండి. ఫోర్కుతో పైన గీతలు ఇప్పుడే గీసి పెట్టండి, ఆ గరుకు అంచులే అవెన్‌లో ఎర్రగా కరకరలాడతాయి. చీజ్ మాత్రం ఆదివారం చల్లండి.

గాజు పాత్ర అయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి అవెన్‌లో పెట్టొద్దు, పగలొచ్చు. అరగంట ముందు తీసి బయట పెట్టండి, లేదా ఎనామిల్ పాత్రలో చెయ్యండి. 200 డిగ్రీల్లో చల్లటిదానికి నలభై అయిదు నిమిషాలు పట్టొచ్చు. పైన ఎర్రబడింది కదా అని తీసేయకండి, మధ్యలో కత్తి గుచ్చి పది క్షణాలు ఉంచి తీసి మణికట్టుకి తగిలిస్తే చురుక్కుమనాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 75 డిగ్రీలు చూపించాలి. చిలగడదుంపలో చక్కెర ఉంటుంది కాబట్టి పైన త్వరగా మాడుతుంది, మరీ నల్లబడుతుంటే అప్పుడు ఫాయిల్ కప్పండి. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి కొయ్యండి, వెంటనే కోస్తే గ్రేవీ అంతా ఒక మూలకి పారుతుంది. కింద ఒక ట్రే పెట్టడం మర్చిపోవద్దు, అంచుల్లోంచి గ్రేవీ పొంగి అవెన్ అడుగున మాడితే ఆ కంపు వచ్చేసరికి గుమ్మంలో మీ అతిథులు ఉంటారు.